వేలూరు బాటలో పెట్రోలు కరువు



"రేపటినుంచి పెట్రోలు దొరకదట!" ఈ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. సాయంకాలం టీకొట్టు దగ్గర పుడుతుంది. దీపాలు పెట్టే వేళకు వీధి వీధికీ పాకుతుంది. రాత్రి భోజనాల వేళకు ఊళ్ళో ప్రతి బంకు ముందూ బండ్లు బారులు తీరతాయి. తెల్లవారేసరికి బంకు వాకిలికి అడ్డంగా ఒక తాడు, ఆ తాడుకు వేలాడుతూ 'స్టాకు లేదు' అని రాసిన అట్ట కనిపిస్తాయి. మన తెలుగులో 'అట' అని ఒక చిన్న మాట ఉంది. చెప్పేవాడిమీద ఏ బాధ్యతా పెట్టని మాట అది. 'దొరకదట' అన్నది ఒక్క రాత్రిలో 'దొరకదు'గా మారిపోవడమే ఈనాటి మన ప్రసంగాంశం.

ఈ కథకు మనం ఒక దారిని ఎంచుకుందాం. అది వేలూరునుంచి గుడియాత్తానికి పోయే దారి. దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా ఒక బాట, పళ్ళికొండ మీదుగా మరొక బాట. మన పెద్దలు వేలూరును రాయవేలూరు అనేవారు. ఈనాటికీ చిత్తూరు పల్లెల్లో ఆ పేరు వినిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. చిత్తూరే దాని ముఖ్యపట్టణం. జిల్లాలు విడిపోయాయి, రాష్ట్రాలు వేరయ్యాయి. కానీ బజారులో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ రెండు ఊళ్ళలోనూ తరతరాలుగా ఉన్నాయి. గుడియాత్తం లుంగీల నేతకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు పేరుపడ్డ ఊరు. వేలూరు కోటకూ, ఆసుపత్రికీ పేరుపడ్డ ఊరు. నేసిన లుంగీ బయటికి పోవాలన్నా, రోగి లోపలికి రావాలన్నా చక్రం తిరగాలి. చక్రం తిరగాలంటే ఇంధనం కావాలి.

అయితే ఒకప్పుడు ఆ ఇంధనం గడ్డీ, ఉలవలే. దక్షిణాదిలో మొట్టమొదటి రైలు 1856 జులై 1న మద్రాసులోని రాయపురంనుంచి ఆర్కాటు దాపునున్న వాలాజా రోడ్డు దాకా నడిచింది. తర్వాత ఆ దారి కాట్పాడి, గుడియాత్తం మీదుగా పడమటికి సాగింది. రైలు దిగినవాళ్ళు ఊరు చేరడానికి మాత్రం జట్కా, ఒంటెద్దు బండి, లేదా కాలినడక. ఎడ్లకు మేత దొరక్క కరువు వచ్చిందంటే వానలు లేక వచ్చినట్టే. ఆ కరువు నెలల ముందే కళ్ళకు కనిపించేది. చెరువు ఎండేది, గడ్డివాము తరిగేది. ఒక్క రాత్రిలో, ఒక్క మాటతో వచ్చే కరువు ఆ రోజుల్లో ఎడ్లబండివాడికి తెలియదు.

ఈ దారిమీద మోటారు చప్పుడు తొలిరోజుల్లో వినిపించినవారిలో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒకరు. ఆమె 1870లో రాణిపేటలో పుట్టారు. అమెరికాలో వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒకే ఒక మంచంతో చికిత్స మొదలుపెట్టారు. 1902లో ఆసుపత్రి కట్టారు. 1918లో స్త్రీలకోసం వైద్య పాఠశాల తెరిచారు. ఆసుపత్రికి రాలేనివారికోసం ఆసుపత్రే వారి దగ్గరికి వెళ్ళాలన్నది ఆమె పద్ధతి. వారానికొకసారి మందులపెట్టెలతో గుడియాత్తం బాట పట్టేవారు. చెట్టు నీడన ఆగి పుండ్లు కడిగి కట్లు కట్టేవారు, కళ్ళు చూసేవారు. మొదట ఆ ప్రయాణం ఎడ్లబండిలో జరిగింది. 1909లో ఆమెకు ఒక ఫ్రెంచి కారు వచ్చింది. పేరు ప్యూజో. ఎడ్లు లేకుండా పొగ కక్కుతూ పరుగెత్తే ఆ బండిని చూసి పల్లెజనం దయ్యమని భయపడ్డారని ఆమె జీవితం రాసినవారు చెబుతారు. భయం నాలుగు వారాల్లో పోయింది. అలవాటు మిగిలింది. ఫలానా రోజున, ఫలానా చెట్టు కింద డాక్టరమ్మ బండి ఆగుతుందన్న నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం వెనుక ఒక కొత్త సంగతి దాగి ఉంది. ఎడ్లబండి కదలడానికి కావలసినది ఊళ్ళోనే పండేది. మోటారు కదలడానికి కావలసినది సముద్రం దాటి రావాలి. ఆ కాలంలో ఈనాటి బంకులు లేవు. పెట్రోలు రేకు డబ్బాల్లో వచ్చేది. కారు యజమాని ఆ డబ్బాలు తెప్పించి దాచుకోవలసిందే. అంటే చెట్టు కింద కూర్చుని ఎదురుచూసే రోగికీ, ఎక్కడో దూరదేశంలో నేలలోంచి తోడే నూనెకూ ఒక ముడి పడింది. రోగికి ఆ సంగతి తెలియదు. కానీ ముడి పడింది.

నిజానికి ఆ ముడి పెట్రోలు కంటే ముందు కిరసనాయిలుతో పడింది. సీమనూనె అని మనవాళ్ళు పిలిచిన ఆ నూనె బర్మానుంచి వచ్చేది. లాంతరులో అదే, బుడ్డిదీపంలో అదే. నూనె వచ్చిన నాలుగు గ్యాలన్ల డబ్బా ఖాళీ అయ్యాక నీళ్ళు మోసే డబ్బా అయ్యేది, బియ్యం పోసుకునే డబ్బా అయ్యేది, చదును చేస్తే గుడిసెకు కప్పయ్యేది. బర్మా మన తెలుగువారికి కొత్త దేశమేమీ కాదు. కోస్తా జిల్లాలనుంచి వేలాదిమంది రంగూను రేవులోనూ, మిల్లుల్లోనూ పనికి పోయేవారు. బర్మా బియ్యం మద్రాసు రాజధానికి ఓడల్లో వచ్చేది. కూలీలు అటు, బియ్యమూ నూనే ఇటు, ఇలా సాగేది ఆ రాకపోకల లెక్క.

ఇంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1941లో మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. డబ్బుంటే చాలదు, కూపను కూడా ఉండాలి. ఆ మరుసటి ఏడు పరిస్థితి మరింత విషమించింది. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైంది. దానికి ముందురోజే రంగూను దాపునున్న సిరియం నూనె శుద్ధి కర్మాగారాన్ని బ్రిటిషువారే ధ్వంసం చేశారు. ఏప్రిల్ నడిమికి యెనాంజవుంగ్ నూనెబావులకు కూడా వారే నిప్పుపెట్టారు. శత్రువుకు దక్కకూడదన్నది వారి ఆలోచన. శత్రువుకు దక్కకపోవడం ఎంత నిజమో, మన లాంతర్లకు దక్కకపోవడమూ అంతే నిజం. మనవాళ్ళు లక్షలాదిగా కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశం చేరుకున్నారు. దారిలో రాలిపోయినవారు ఎందరో.

1942 ఏప్రిల్ 5న కొలంబోమీద బాంబులు పడ్డాయి. మరునాడు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నంమీదా కాకినాడమీదా పడ్డాయి. ఇక తర్వాతి వంతు మద్రాసుదే అనుకున్నారు. నగరంలో పని లేనివారు వెళ్ళిపోవడం మంచిదని ప్రభుత్వమే చెప్పింది. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలిపోయాయి. బాంబులు పడితే బోనులు పగిలి క్రూరమృగాలు వీధుల్లోకి వస్తాయని జంతుప్రదర్శనశాలలోని సింహాలనూ పులులనూ కాల్చి చంపారు. ఆ వార్త విన్న జనం ఇళ్ళల్లో ఎలా నిలుస్తారు? మద్రాసునుంచి పడమటికి పోయే రైళ్ళన్నీ కిటకిటలాడాయి. ఆ రైళ్ళ దారి కాట్పాడి, గుడియాత్తం మీదుగానే. కారున్నవారు పెట్రోలుకోసం, లేనివారు బండికోసం వెతుకులాడారు. సరిగ్గా అందరికీ ఒకేసారి కావలసి వచ్చిన వేళకే పెట్రోలు కరువయింది. మద్రాసుమీద పెద్ద దాడి మాత్రం జరగలేదు. వెళ్ళినవారు మెల్లమెల్లగా తిరిగి వచ్చారు.

కరువులోంచి ఒక ఉపాయం కూడా పుట్టింది. అది బొగ్గు బస్సు. ఆ కాలం చూసిన పెద్దలు ఏ ఊళ్ళో ఉన్నా దాని సంగతి చెప్పి నవ్వుకునేవారు. బస్సు వెనుక నిలువుగా ఒక పెద్ద ఇనుప పీపా బిగించేవారు. అందులో బొగ్గు పోసి నిప్పంటించి, గాలి తక్కువగా అందేటట్టు చేసేవారు. గాలి చాలక సగంసగం కాలిన బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి, గొట్టంద్వారా ఇంజనులోకి పంపితే పెట్రోలు ఆవిరికి బదులు అదే మండుతుంది. చెప్పడానికి సులువు. నడపడానికి అంత సులువు కాదు. బస్సు బయలుదేరే ముందు ఒక మనిషి చాలాసేపు చక్రం తిప్పి గాలి ఊది నిప్పు రాజెయ్యాలి. ఇంజను బలం పెట్రోలుతో వచ్చేదానికంటే బాగా తక్కువ. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగాలి, అవసరమైతే తొయ్యాలి. ఆ వాయువు విషం కూడా. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే ప్రాణం మీదికే వస్తుంది. అయినా ఆ బస్సులే ఊళ్ళను కలిపి ఉంచాయి. మధురలోని టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ ఇలాంటి గ్యాస్ ప్లాంట్లను తయారుచేసి పేరు తెచ్చుకుంది.

కూపను పద్ధతిని ఎవరూ ప్రేమించలేదు. ఆఫీసుల చుట్టూ తిరగడం, అర్జీలు పెట్టుకోవడం, నల్లబజారులో కూపన్ల అమ్మకం, ఇవన్నీ ఉన్నాయి. కానీ కూపను ఒక మేలు చేసింది. 'నాకు రేపు ఎంత వస్తుంది?' అన్న ప్రశ్నకు జవాబిచ్చింది. అది కొంచెమే కావచ్చు. కానీ ఎంతో తెలిసిన కొంచెం. అలా తెలియనప్పుడు ఏమవుతుందో 1943లో బెంగాలు చూసింది. బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు పెరుగుతాయన్న భయంతో కొనగలిగినవారు కొని దాచారు. అమ్మగలిగినవారు అమ్మకుండా దాచారు. కూలినాలి చేసుకునేవారి చేతికి వచ్చే డబ్బు ఆ ధరలను అందుకోలేకపోయింది. లక్షలమంది చనిపోయారు. దేశంలో ఉన్న ధాన్యం ఎంత అన్నదొక్కటే ప్రశ్న కాదనీ, అది ఎవరి చేతికి అందింది, ఎవరికి అందలేదు అన్నది అసలు ప్రశ్న అనీ ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1981లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. ఈ మాట బియ్యానికి ఎంత వర్తిస్తుందో పెట్రోలుకూ అంత వర్తిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో చమురు శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. 1957లో విశాఖపట్నంలో ఒకటి నడక మొదలుపెట్టింది. 1969లో మద్రాసు పక్కన మణలిలో మరొకటి వచ్చింది. కర్మాగారం మనదే అయినా అందులో పోసే ముడి చమురు చాలావరకు బయటిదే. ఆ సంగతి 1973లో దెబ్బతో తెలిసింది. ఆ ఏడు అక్టోబరులో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెలుకూ యుద్ధం వచ్చింది. అక్టోబరు 17న అరబ్బు దేశాలు చమురు సరఫరా తగ్గిస్తామని ప్రకటించాయి. పీపా 3 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ధర 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. అప్పటికి మన దేశం వాడే చమురులో సుమారు మూడింట రెండు వంతులు దిగుమతి. నవంబరులో అటల్ బిహారీ వాజపేయిగారు పార్లమెంటుకు ఎడ్లబండిమీద వచ్చి ధరల పెంపుకు నిరసన తెలిపారు. 1974 ఫిబ్రవరిలో బొంబాయి తీరాన సముద్రంలో చమురు కనుగొన్నారన్న వార్త మాత్రం కొంత ఊరట.

అదే కాలంలో జపానులో ఒక విచిత్రం జరిగింది. 1973 నవంబరులో ఒసాకా దగ్గర ఒక దుకాణం ముందు వందలాది ఆడవాళ్ళు బారులు తీరారు. పెట్రోలుకు కాదు, మరుగుదొడ్లలో వాడే కాగితానికి! చమురు లేకపోతే కాగితం తయారు కాదన్న పుకారు పుట్టింది. ఆ బారును చూసినవారు ఇతర ఊళ్ళలో బారులు తీరారు. కాగితం తయారీ తగ్గలేదు. కానీ దుకాణాల్లో కాగితం లేదు. అంతకుముందు అది ఎక్కడుంది? దుకాణంలో. ఇప్పుడెక్కడుంది? ఇళ్ళ అటకలమీద. వస్తువు మాయం కాలేదు, చోటు మారిందంతే.

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. మన రాయలసీమ పల్లెల్లో ఎన్నో ఇళ్ళకు అది దూరదేశపు వార్త కాదు, ఇంటి వార్త. కడప, చిత్తూరు జిల్లాలనుంచి వెళ్ళిన కొడుకులూ కూతుళ్ళూ అక్కడున్నారు. సుమారు లక్షా డెబ్బైవేలమంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఇక్కడ చమురు దొరకడం కష్టమై, విదేశీ మారకద్రవ్యం తరిగిపోయి, అక్టోబరులో పెట్రోలియం సరుకులమీద 25 శాతం అదనపు భారం వేశారు. గల్ఫునుంచి వచ్చే మనియార్డరూ ఆగింది, గల్ఫునుంచి వచ్చే చమురూ ప్రియమయింది. ఒకే ఇంటికి రెండు దెబ్బలు.

ఇంతవరకు చెప్పుకున్నవి యుద్ధాలవల్ల వచ్చిన కరువులు. ఇప్పటి కాలంలో కరువు రావడానికి యుద్ధమే అక్కరలేదు. 2009 జనవరి 7న ప్రభుత్వ చమురు సంస్థల అధికారులు జీతాలకోసం దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. అప్పటికే లారీల సమ్మె సాగుతోంది. రెండు రోజుల్లో దేశంలో ఎన్నో నగరాల బంకులు ఎండిపోయాయి. జనవరి 9న అధికారులు సమ్మె విరమించారు. తర్వాత సరఫరా కుదుటపడింది.

2024 జనవరి 1, 2 తేదీల్లో మరోసారి ఇదే జరిగింది. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళవరకు జైలు శిక్ష అని కొత్త న్యాయసంహితలో 106వ సెక్షను చెబుతోందంటూ లారీ, ట్యాంకరు డ్రైవర్లు పని మానేశారు. ట్యాంకర్లు ఆగాయన్న వార్త ఫోన్లలో క్షణాల్లో పాకింది. హైదరాబాదులో బంకుల ముందు బండ్లు రోడ్లమీదికి వచ్చి నిలిచాయి. చంచల్‌గూడ దగ్గర ఇంటింటికీ భోజనం అందించే పనిలో ఉన్న ఒకాయన గుర్రమెక్కి బయలుదేరిన దృశ్యం దేశమంతా చూసింది. చూసినవారు నవ్వుకున్నారు. కానీ ఆ పూట పని చేస్తేనే ఆ పూట కూలి దొరికే మనిషికి అది నవ్వులాట కాదు. జనవరి 2 రాత్రికే రవాణాదారుల సంఘంతో మాట్లాడిన తర్వాతే ఆ సెక్షనును అమలు చేస్తామని ప్రభుత్వం చెప్పింది. ట్యాంకర్లు కదిలాయి. ఒకటి రెండు రోజుల్లో బారులు మాయమయ్యాయి.

శ్రోతలారా, ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఊళ్ళో పదివేల మోటారు సైకిళ్ళు ఉన్నాయనుకోండి. ఒక్కో ట్యాంకు పది లీటర్లు పడుతుంది. మామూలు రోజుల్లో ఒక్కో బండి రోజుకు ఒక లీటరు తాగుతుంది. అంటే ఊరి బంకులన్నీ కలిపి రోజుకు పదివేల లీటర్లు అమ్మితే చాలు. సగటున ప్రతి ట్యాంకూ సగం నిండి ఉంటుందనుకుందాం. ఒక సాయంకాలం పుకారు పుట్టి ప్రతివాడూ ట్యాంకు నింపుకోవాలనుకుంటే ఒక్కొక్కడికి అయిదు లీటర్లు కావాలి. మొత్తం యాభైవేల లీటర్లు. అయిదు రోజుల అమ్మకం ఒక్క రాత్రిలో! ఏ ఊరి బంకులు దీనికి తట్టుకుంటాయి? ఇందులో దొంగ ఎవరూ లేడు. దాచి నల్లబజారులో అమ్మినవాడు లేడు. ప్రతివాడూ తన ట్యాంకు మాత్రమే నింపుకున్నాడు. ఎవరికి వారు చూస్తే అందరూ తెలివైన పనే చేశారు. అందరూ కలిసి చేసినప్పుడు ఊరికి చేటయింది. 'అందరూ పల్లకి ఎక్కేవారే అయితే మోసేవారెవరు' అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ఒక వ్యాసంలో ఇలాంటిదే ఒక బ్యాంకు ఉదాహరణ ఇచ్చారు. బ్యాంకు బాగానే ఉంది. కానీ దివాలా తీస్తుందట అన్న మాట పుట్టింది. అందరూ డబ్బు తీసుకోవడానికి వచ్చారు. బ్యాంకు దివాలా తీసింది. 'చూశారా, నేను చెప్పలేదూ?' అని పుకారు పుట్టించినవాడే గొప్పలు పోతాడు. అబద్ధం తనను తానే నిజం చేసుకుంది. మన 'దొరకదట' కథ కూడా ఇదే.

మరి ఇందులో నష్టపోయేదెవరు? ట్యాంకు నిండా పోయించుకోగల డబ్బున్నవాడికి పోయేదేమీ లేదు. పోతే ఒక గంట నిద్ర. నష్టపోయేది ఏ రోజు పెట్రోలు ఆ రోజు కొనుక్కునేవాడు. ఆటో నడిపేవాడు పొద్దున్నే చేతిలో ఉన్న డబ్బుకు రెండు లీటర్లు పోయించుకుని, ఆ బేరంతో వచ్చిన డబ్బుతో మళ్ళీ రెండు లీటర్లు పోయించుకుంటాడు. ముందుగా కొని దాచుకునే శక్తి అతనికి లేదు. పుకారు పుట్టిన రాత్రి అతను నిద్రపోయి ఉంటే తెల్లవారి అతని బండి కదలదు, పొయ్యిలో పిల్లి లేవదు. అలాగే పాలబండి. అలాగే గుడియాత్తం పల్లెలోంచి పురిటి నొప్పులతో వేలూరు ఆసుపత్రికి బయలుదేరిన ఇల్లాలికోసం మాట్లాడుకున్న వాడకారు. వంద సంవత్సరాల క్రితం చెట్టు కింద డాక్టరమ్మకోసం ఎదురుచూసినవారి స్థానంలో ఈనాడు వీరున్నారు. బారులో ముందు నిలిచిన వందమంది తమకు అవసరం లేని నాలుగేసి లీటర్లు తీసుకుంటే, నూటొకటో మనిషికి అవసరమైన రెండు లీటర్లు దొరకవు.

ఇంకో అపాయం కూడా ఉంది. పుకారు వేళ జనం ట్యాంకుతో ఆగరు. నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ క్యాన్లు, చివరికి బిందెలు కూడా తెస్తారు. పెట్రోలు కిరసనాయిలు లాంటిది కాదు. మన ఎండల్లోనే కాదు, హిమాలయాల చలిలో కూడా అది ఆవిరై మండగలదు. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారున పాకుతూ పోయి పక్క గదిలోని పొయ్యిని అందుకుంటుంది. అగ్గిపెట్టెల పనికి పేరుపడ్డ ఊరికి ఈ సంగతి వేరే చెప్పాలా? మంచం కింద దాచిన అయిదు లీటర్ల పెట్రోలు ఆదా కాదు, ఆపద. అందుకే పెట్రోలు నిల్వకు 1934నాటినుంచే ప్రత్యేక చట్టం ఉంది.

మరి ఏం చేయాలి? చరిత్ర కొన్ని దారులు చూపింది. 1974 మొదట్లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో బండి నంబరులో చివరి అంకె సరి అయితే ఒక రోజు, బేసి అయితే మరొక రోజు పెట్రోలు పోశారు. బారు పొడవు తగ్గింది. 2021 సెప్టెంబరులో ఇంగ్లండులో ట్యాంకరు డ్రైవర్లు చాలక పుకారు రేగి బంకులు ఎండినప్పుడు, కొన్ని బంకుల్లో ఒక్కొక్కరికి 30 పౌండ్లకు మించి పోయలేదు. చివరికి సైనికులు ట్యాంకర్లు నడిపారు. 1979 కరువులో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీనికి తలకిందులైన పని చేశాయి. ఇంతకు తక్కువ కొనడానికి వీల్లేదన్నాయి. వినడానికి వింతగా ఉన్నా దాని వెనుక ఆలోచన ఉంది. ముప్పాతిక నిండిన ట్యాంకుతో వచ్చి మిగతా పావు నింపుకునేవాడే బారు పొడవు పెంచేది. అతన్ని ఇంటికి పంపితే నిజంగా ఖాళీ అయినవాడికి చోటు దొరుకుతుంది. మన ఊళ్ళలో మాత్రం ఆటోవాడి రెండు లీటర్లను దృష్టిలో పెట్టుకోకుండా ఇలాంటి నియమం పెట్టకూడదు. కొలమానం డబ్బు కాకుండా ట్యాంకులో ఉన్న మట్టం కావాలి.

అన్నిటికంటే ముందు కావలసింది నిజమైన సమాచారం. ఎన్ని ట్యాంకర్లు బయలుదేరాయి, ఏ బంకుకు ఎప్పుడు చేరతాయి, ఆసుపత్రి బండ్లకోసం ఎంత పక్కన పెట్టారు అన్నది అధికారులు అంకెలతో సహా వేళకు చెప్పాలి. 'కంగారు పడకండి' అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటే, కంగారు పడవలసింది ఏదో ఉందనే జనం అర్థం చేసుకుంటారు. యుద్ధకాలపు కూపనులాగే, ఎంత వస్తుందో తెలిసిన మనిషి నిదానంగా ఉంటాడు. మనవంతు పని ఇంకా చిన్నది. ట్యాంకు సగానికి పైన ఉంటే ఆ రోజు బంకువైపు పోకపోవడం. దగ్గరి పనికి సైకిలో, నడకో, బస్సో చూసుకోవడం. 'అట' అని చివర వచ్చే వార్తను మరొకరికి చేరవేయకముందు ఎవరన్నారని ఒక్కసారి అడగడం.

విశాఖపట్నంలో కొండ కింద తవ్విన గుహల్లో దేశంకోసం 13 లక్షల టన్నులకు పైగా ముడి చమురు నిల్వ చేసుకునే ఏర్పాటు ఉంది. మంగళూరు, పాడూరులలో ఉన్నవి కూడా కలిపితే 53 లక్షల టన్నులకు పైగా చోటుంది. అవి యుద్ధాలకూ పెద్ద ఆపదలకూ అక్కరకు వస్తాయి. కానీ ఒక సాయంకాలం గుడియాత్తం బజారులో పుట్టిన పుకారును ఆ గుహల్లోని చమురు ఆపలేదు. దాన్ని ఆపగలిగింది ఆ బజారులో ఉన్న మనుషులే. బొగ్గు బస్సు ఎత్తు ఎక్కలేనప్పుడు ఆనాటివారు దిగి తోశారు. ఎవరికి వారు వేరే బండి వెతుక్కుంటూ పోయి ఉంటే ఆ బస్సు ఎత్తు ఎక్కేది కాదు.